తెల్లనీళ్ల బోరు

ఎర్రమిట్ట ఓబుళేసు ఒంటి మీద పడిన దెబ్బల్లో ముప్పాతిక వంతు అన్న సుంకప్ప కొట్టినవే. ఓబుళేసు కోసం ఊళ్లోవాళ్లు తిన్న దెబ్బలు కూడా సుంకప్ప కొట్టినవే. నాయన క్వారీలో బండ కింద పడి పోయేనాటికి చిన్నవాడికి పలక పట్టే వయసు, పెద్దవాడికి మీసం మొలిచే వయసు. పెద్దవాడు గొర్లు కాచి, బండలు మోసి చిన్నవాణ్ని చదివించాడు. వాడు బడి ఎగ్గొట్టి రైలు కట్ట మీద ఆడుకుంటూ దొరికితే చింతబరికె విరిగేదాకా బాదాడు. అదే చిన్నవాణ్ని తాడిపత్రి బస్టాండులో ఎవడో చెంప మీద కొట్టాడని తెలిసినప్పుడు ఆ మనిషిని వెతుక్కుంటూ పోయి, మోచేతి కీలు దగ్గర చెయ్యి వంచి విరిచి, మళ్లీ బస్సెక్కి వచ్చి గొర్లకు నీళ్లు పెట్టాడు.

పల్లె మనుషులనగానే అమాయకులు, నేలను నమ్ముకున్నవాళ్లు అని మొదలుపెట్టేవాళ్లకు ఈ ఇద్దరూ పనికిరారు. సుంకప్ప కోపిష్ఠి, ఆ కోపమే తన ఆస్తి అనుకున్నవాడు. ఓబుళేసు పిరికివాడు, ఆ పిరికితనాన్ని నెమ్మదితనంగా చలామణి చేసుకున్నవాడు. నలభై దాటినా అన్న ఎదుట కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఊరు దాన్ని గౌరవమంది.

భూమి పంచుకున్నప్పుడు బోరు అన్న వాటాలో పడింది. రెండు వాటాల్లోనూ చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, ఉన్నాయి, నీళ్లు మాత్రం ఆ ఒక్క బోరువే. ఒకరోజు అన్న చెట్లకు, మరుసటి రోజు తమ్ముడి చెట్లకు. సుంకప్ప వంతు తప్పేవాడు కాదు గానీ, మోటారు పెట్టె తాళంచెవి తన మొలతాడుకే కట్టుకునేవాడు. దాని కోసం తెల్లారి అన్న వాకిట్లో నిలబడడం ఓబుళేసుకు చచ్చేంత నామోషీ. అందుకే అన్న వద్దంటున్నా వినకుండా, భార్య ఆంజినమ్మ కమ్మలు తాకట్టు పెట్టి, తన వాటా కొసన, మిట్టకు అవతల సొంత బోరు వేయించాడు. రిగ్గు పగలంతా ఊరు దద్దరిల్లేలా అరిచి రాతిపొడి తప్ప ఏమీ కక్కలేదు. సుంకప్ప వచ్చి రిగ్గు మనుషుల ముందే తమ్ముడి చెంప పగలగొట్టాడు. తర్వాత వాళ్లందరికీ తన ఇంటి నుంచి సంగటి తెప్పించి పెట్టాడు. ఓబుళేసు ఆ బోరు నోటికి ఒక బండ మూత వేశాడు. చుట్టూ కంపచెట్లు పెరిగి, అక్కడొక బోరు ఉన్నట్టు కూడా కనిపించకుండా పోయింది.

ఎర్రమిట్ట మీదుగా పోయే తాడిపత్రి రోడ్డు పొడుగునా బండల పాలిష్ ఫ్యాక్టరీలు. రాయి కోయాలన్నా, నున్నగా తేల్చాలన్నా మిషను మీద నీళ్లు పారుతూనే ఉండాలి. ఆ నీళ్లు రాతిపొడిని కలుపుకొని తెల్లటి బురదగా బయటికొస్తాయి. వాటిని వదలాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సుకు ఫీజు కట్టాలి. ఏళ్ల తరబడి ఆ ఫీజు ఎంత తక్కువంటే కట్టడానికి బద్ధకించినవాళ్లే తప్ప కట్టలేనివాళ్లు లేరు. ఆ ఏడు ఎండలు ముదరకముందే రాష్ట్రం దాన్ని ఒక్కసారిగా పెంచింది. ఎవడు ఎన్ని నీళ్లు వదిలితే వాడికి అంత ఫీజు. చెడగొట్టినవాడే మూల్యం చెల్లించాలన్నది సూత్రం. సూత్రంలో తప్పేమీ లేదు. చెడగొట్టేవాడికి అంతకన్నా చౌకైన దారి ఉందా లేదా అని ఎవరూ చూడలేదు, తప్పు అక్కడుంది.

ఫ్యాక్టరీల సంఘం కూర్చుని, పెరిగిన ఫీజు ఎవరూ కట్టకూడదని తీర్మానించింది. కట్టినవాడు సంఘానికి పగవాడు. మరి బురద? లైసెన్సు లేకుండా వాగువంకల్లోకి వదిలితే గేటుకు సీలు పడుతుంది. ఎవరి కంటికీ కనిపించని చోటికి పోవాలి. అనంతపురం జిల్లాలో అలాంటి చోట్లకు కరువు లేదు. ఎండిపోయిన బోర్లు చేనుకొకటి నోరు తెరుచుకుని ఉన్నాయి.

ఆ సంగతి ఓబుళేసు చెవిన వేసినవాడు గిరి. తాడిపత్రి కుర్రాడు, సొంత ట్యాంకరు, నోటి నిండా నవ్వు. రోడ్డు మీది టీ అంగట్లో పక్కన కూర్చుని భుజం తట్టాడు.

"ఏమప్పా ఓబుళేసన్నా, నీ సచ్చిన బోరు ఉత్తగనే పడుండాది గదా. మాకిడిస్తే అదీ నాలుగు చెట్లు బతికిస్తాది."

బేరం దుడ్లతో కాదు. గిరి ఆ బోరులో బురదనీళ్లు పోసుకుంటాడు, బదులుగా మధ్య మధ్య మంచినీళ్ల ట్యాంకరు తెచ్చి చీనీ పాదుల్లో వదులుతాడు. ఓబుళేసు వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికి పోయి ఆలోచించాడు, అదే అతను చేసిన తప్పు. ఎండిన బోరు పక్కన గుంత తవ్వి, ఇసుకా కంకరా పోసి, వాననీళ్లు లోపలికి దింపితే చుట్టుపక్కల బోర్లకు ఊట పెరుగుతుందని అధికారులు ఒకసారి ఊళ్లో మీటింగు పెట్టి చెప్పారు. ఇసుకా కంకరా అన్న మాట ఓబుళేసు మరిచిపోయాడు. వాన అన్న మాట కూడా. దింపితే ఊట పెరుగుతుందన్నది మాత్రం గుర్తుంది. బురద అడుక్కి దిగిపోతుంది, నీళ్లు రాళ్లలో వడకట్టుకుని అన్న బోరుకు తేటగా చేరతాయి అనుకున్నాడు. చదువుకున్నవాడు గనుక ఆ ఆశకు భూగర్భజలం అని పేరు కూడా పెట్టుకున్నాడు.

ట్యాంకర్లు మిట్టమధ్యాహ్నం వచ్చేవి. ఎవరూ దాక్కోలేదు, దాక్కోవలసిన అవసరం లేదు. కరువు నేలలో చేని వైపు పోతున్న ట్యాంకరును చూసి ఎవడూ అనుమానించడు. పాపం, చెట్లు బతికించుకోవడానికి నీళ్లు కొంటున్నాడనుకుంటాడు. ఊరు అట్లాగే అనుకుంది. సుంకప్ప ఇంకా ఎక్కువ అనుకున్నాడు. గిరి తెచ్చిన మంచినీళ్లలో కొన్ని తన పాదుల్లోకీ పారాయి గనుక, రచ్చబండ దగ్గర పదిమందిలో తమ్ముడి పేరు ఎత్తి చెప్పాడు. వాడి చిన్నప్పటి నుంచి తాను కొట్టిన దెబ్బలు వృథా పోలేదని, వాడు మనిషయ్యాడని. ఆ మాట ఆంజినమ్మ విని వచ్చి భర్తకు చెప్పింది. చెప్పి, బోరులోకి ఏం పోతోందో తెలిసినది గనుక, ఇంక ఆ గిరిని రానివ్వొద్దని కూడా అంది. ఓబుళేసు ఇంకొన్నాళ్లు అన్నాడు. జీవితంలో అన్న నోట మెప్పు విన్నది అదే మొదటిసారి. దాన్ని అంత త్వరగా వదులుకోలేకపోయాడు.

ఒకనాడు డ్రిప్పు పైపుల నుంచి చుక్క రాలడం ఆగిపోయింది. సుంకప్ప పైపు కొస విప్పి చూస్తే లోపల సున్నం పూసినట్టు తెల్లగా గడ్డకట్టి ఉంది. మోటారు వేసి పైపు నోటి దగ్గర దోసిలి పట్టాడు. నీళ్లు పాలలా వచ్చాయి. దోసిట్లో ఆరిన తర్వాత అరచేతి గీతల్లో పొడి మిగిలింది. ఆ పొడిని నాలుక మీద వేసుకుని, చప్పరించి, ఊశాడు.

"బండల బురద" అన్నాడు. "ఎవుడో నా బోరులోకి పోస్తాండాడు."

ఓబుళేసు పక్కనే ఉన్నాడు. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే రెండు పళ్లు రాలేవి, వీపు వాచేది, నాలుగు రోజులు మంచం పట్టేవాడు. అంతటితో పోయేది. కానీ అన్న అప్పటికే మిట్ట మీదికెక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. రోడ్డు పక్కన, వాళ్ల చేనుకు ఎగువన, ఎండలో మెరుస్తూ తెల్లనీళ్ల తొట్లు రెండు కనిపిస్తున్నాయి. అవి బయ్యన్న ఫ్యాక్టరీవి.

బయ్యన్న ఒకప్పుడు క్వారీలో రాయి కొట్టినవాడే. రెండు మిషన్లు పెట్టుకుని, భార్య భారతితో కలిసి నడుపుకుంటున్నాడు. సంఘం మాట వినకుండా పెరిగిన ఫీజు కట్టినవాడు ఆ రోడ్డు మీద అతనొక్కడే. ధర్మం కోసం కాదు. ఒకసారి సీలు పడి మిషన్లు తుప్పుపట్టిన అనుభవం ఉంది, మళ్లీ ఆ బాధ వద్దనుకున్నాడు. లైసెన్సు ఇస్తూ పెట్టిన షరతు ప్రకారం బురద పేరుకోవడానికి తొట్లు కట్టించాడు. రోజుకు ఎన్ని లీటర్లు వదలవచ్చో రాసిన బోర్డు కూడా షరతు ప్రకారమే గేటుకు తగిలించాడు. మిగతా ఫ్యాక్టరీల ముందు తొట్లు లేవు, బోర్డు లేదు, చుక్క తెల్లనీళ్లు కూడా కనిపించవు. వాళ్లవన్నీ గిరి ట్యాంకర్లో పోతున్నాయి.

సుంకప్పకు చదువు రాదు. గేటు ముందు నిలబడి, ఆ బోర్డు మీద ఏమి రాసుందో చదవమని తమ్ముణ్ని అడిగాడు. ఓబుళేసు చదివాడు. వ్యర్థజలాలు వదులుటకు అనుమతి, రోజుకు ఇన్ని వేల లీటర్లు. అక్కడ ఆపాడు. తొట్లలో నిలవబెట్టి, తేరిన నీటిని మళ్లీ మిషన్లకే వాడవలెనన్న వరుస దాని కిందే ఉంది. అది చదవలేదు.

"ఇడిసేకి ఫీజు కట్టినాడంటే, ఇడుస్తాండాడనే గదా" అన్నాడు సుంకప్ప. "కట్టనోళ్లు ఇడవరు. కట్టినోడే ఇడుస్తాడు."

ఆ తర్కాన్ని ఊళ్లో ఎవరూ కాదనలేదు. వదలడానికి లైసెన్సు తీసుకున్నవాడే వదిలాడన్నది బడికి పోనివాడికీ, పోయినవాడికీ ఒకేలా అర్థమైంది. సంఘం మనుషులకు ఈ కబురు అందితే, వాళ్లు ఇంకొంచెం నూనె పోసి, బయ్యన్న తొట్ల అడుగున సొరంగం లాంటి పైపు ఉందని చెప్పి పంపారు.

మరునాడు మధ్యాహ్నం పనివాళ్లు కూటికి పోయిన సమయంలో అన్నదమ్ములు ఫ్యాక్టరీలోకి పోయారు. బయ్యన్న ఒక్కడే ఉన్నాడు, మిషను కింద పళ్లచక్రానికి గ్రీజు పెడుతున్నాడు. సుంకప్ప అతని మెడ పట్టి లేపి పాలిష్ బండల వరస మీదికి విసిరాడు. నిలబెట్టిన బండలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి, వాటి మధ్య బయ్యన్న పడ్డాడు. లేవబోతే మోకాలి మీద తన్నాడు. ఏమి పోసినానన్నా, ఎవరికి పోసినానని బయ్యన్న అరుస్తూనే పాక్కుంటూ తొట్టి దాకా పోయాడు. సుంకప్ప అతని తల పట్టుకుని ఆ తెల్లనీళ్లలో ముంచాడు. లేపాడు. మళ్లీ ముంచాడు. మూడోసారి లేపినప్పుడు బయ్యన్న కళ్లు తెరిచి, సుంకప్పను కాక అతని వెనక నిలబడిన ఓబుళేసును చూశాడు.

"ట్యాంకర్లు యాడికి పోతాండాయో" అన్నాడు దగ్గుకుంటూ, "నీ తమ్మున్నే—"

ఓబుళేసు చేతిలో ఇనుప పైపు ఉంది. అక్కడే నేల మీద దొరికింది, ఎందుకు తీసుకున్నాడో అతనికే తెలియదు. దాన్ని రెండు చేతులతో ఎత్తి బయ్యన్న నోటి మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు విన్నాడు. ఇంకోసారి కొట్టాడు. బయ్యన్న నోరు వేలాడిపోయింది, అందులోంచి మాటకు బదులు రక్తం, పళ్లు వచ్చాయి. సుంకప్ప తమ్ముడి వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఆ చూపులో గర్వం ఉంది. దారిలో తమ్ముడి తల మీద చెయ్యి వేసి, ఇన్నాళ్లకు మన రక్తం కనపడిందని అన్నాడు. ఓబుళేసు కాలవ గట్టున కూర్చుని వాంతి చేసుకున్నాడు. మొదటిసారి కొడితే అట్లాగే ఉంటుందని అన్న వీపు నిమిరాడు.

భారతి భర్తను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. దవడకు తీగలు వేసి బిగించారు. కొట్టిందెవరని పోలీసులు ఊళ్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి తలూపమంటే బయ్యన్న దేనికీ ఊపలేదు. పేరు బయటపడితే మళ్లీ ఆ రోడ్డు మీద మిషను తిప్పలేనని అతనికి తెలుసు. సంఘంలో మాత్రం ఆ రోజు నవ్వులే నవ్వులు. ఫీజు కట్టినోనికి పాలిష్ అయిందని టీ అంగట్లో చెప్పుకున్నారు.

ఫ్యాక్టరీ మూతబడింది. బోరు తేటపడలేదు. పడకపోగా నీళ్లు ఇంకా చిక్కబడ్డాయి, మోటారు వేడెక్కి ఆగిపోతోంది. చీనీ ఆకులు అంచుల నుంచి మాడి చుట్టుకుపోతున్నాయి. ఓబుళేసు గిరిని పట్టుకుని, ఇంక వద్దు, మూత వేస్తానని బతిమాలాడు. గిరి నవ్వు మానకుండానే జవాబిచ్చాడు. బురద ఆగదు, ఫ్యాక్టరీలు ఆగవు. ఈ బోరు కాదంటే ఇంకొకటి చూసుకుంటాడు, కానీ పోయేముందు సుంకప్పకు ఒక దండం పెట్టి, ఇన్నాళ్లూ చోటిచ్చినందుకు మీ తమ్మునికి కృతజ్ఞతలని చెప్పి పోతాడు. ఓబుళేసు మూత వెయ్యలేదు. ట్యాంకర్లు రోజూ వస్తూనే ఉన్నాయి. ఆంజినమ్మ మాట్లాడడం మానేసి, కంచం అతని ముందు పెట్టి పక్కకు పోయేది.

సుంకప్ప తన లెక్క తాను వేసుకున్నాడు. ఫ్యాక్టరీ మూసినా నీళ్లు తెల్లగానే వస్తున్నాయంటే లోపల పైపు ఉన్నట్టే, ఎవడో తిప్పుతున్నట్టే. బయ్యన్న బతికుండగా ఆ పైపు మూతపడదు. కర్నూలు నుంచి కబురు వచ్చింది, బయ్యన్న తేరుకున్నాడు, మాట వస్తోంది, శుక్రవారం పూజ చేసి గేటు తెరుస్తాడని. ఆ రోజే నరుకుతానని సుంకప్ప ఇంట్లో కూర్చుని నింపాదిగా చెప్పాడు, దుక్కి ఎప్పుడు దున్నాలో చెప్పినట్టు. గొడ్డలి తమ్ముడి చేతికిచ్చి సాన పట్టమన్నాడు.

ఓబుళేసు సాన పట్టాడు. ఇందులో సాకు చెప్పుకోవడానికేమీ లేదు, అతను నిజంగానే పట్టాడు, బాగానే పట్టాడు. ఇసుకరాయి మీద నీళ్లు చల్లి అంచు తీస్తూ ఉండగా మనసులో ఒక లెక్క సాగింది. బయ్యన్నకు మాట వచ్చింది. బయ్యన్న పోతే ఆ మాట కూడా పోతుంది. అన్న జైలుకు పోతాడు, తాళంచెవి తన మొలతాడుకు వస్తుంది. ఆ ఆలోచన అంత స్పష్టంగా, అంత సుఖంగా వచ్చేసరికి అతను గొడ్డలి పక్కన పెట్టి చేతులు చూసుకున్నాడు. చేతులకు రాతిపొడి అంటుకుని ఉంది. కడుక్కుని, మళ్లీ తీసుకుని, పని ముగించాడు.

శుక్రవారం పొద్దున బయ్యన్న గేటుకు పసుపు పూస్తున్నాడు. దవడ ఒక పక్కకు పోయి ముఖం వేరే మనిషిదిలా ఉంది. భారతి లోపల టెంకాయ కడుగుతోంది. రోడ్డు మీద వస్తున్న అన్నదమ్ములను చూసి బయ్యన్న పరుగెత్తలేదు. మోకాలు ఇంకా సహకరించడం లేదు. గేటు లోపలికి జరిగి, కడ్డీల తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. సుంకప్ప గేటు మీద ఒక్క తాపు తంతే ఆ మనిషీ తలుపూ కలిసి వెనక్కి పోయాయి.

గొడ్డలి లేచింది. ఓబుళేసు అన్నకు ఎదురొచ్చి గేటు స్తంభం పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, నీళ్లు పోయించింది నేను" అన్నాడు. "నా బోరులోకి. గిరి తెచ్చే ట్యాంకర్లు అవే. ఈయప్ప కాదు."

సుంకప్ప ఒక్క క్షణం ఆగాడు. తర్వాత జాలిగా చూశాడు. "భయమైతే ఇంటికి పో రా. వీని పాపం నీ నెత్తిన ఏసుకోవద్దు."

"భయం కాదన్నా. నేనే."

"పక్కకు జరుగు" అని, తమ్ముడి భుజం మీదుగా లోపలున్న మనిషి తలకు గురిచూసి గొడ్డలి దించాడు. ఓబుళేసు చెయ్యి ఎత్తాడు. గొడ్డలి ఆ చేతిని తాకి, గురి తప్పి, ఇనుప స్తంభం మీద పడి టంగుమంది. స్తంభానికీ గొడ్డలికీ మధ్య అతని చిటికెనవేలు, ఉంగరపువేలు తెగిపోయి గడప మీది పసుపులో పడ్డాయి. నొప్పి వెంటనే రాలేదు. రాకముందే అతను రెండో చేత్తో గొడ్డలి కామను పట్టుకుని వదలలేదు. భారతి పరుగెత్తుకొచ్చి చూసి కేక వేసి, ఫోను కోసం లోపలికి పోయింది.

బయ్యన్న లేచి కూర్చున్నాడు. దవడ పూర్తిగా తెరుచుకోవడం లేదు, మాటలు పళ్ల సందుల్లోంచి నలిగి వచ్చాయి.

"ఆ పొద్దు నేను చెప్పబోయింది అదే సుంకన్నా. నోరు తెరిచేలోగా కొట్టినాడు గదా."

సుంకప్ప తమ్ముణ్ని చూశాడు. ఇనుప పైపు, బయ్యన్న నోరు, తనకు కలిగిన గర్వం, అన్నీ ఒక్కొక్కటిగా ఆ ముఖంలోకి వచ్చి వెళ్లాయి. గొడ్డలి కామ మీద పట్టు సడలింది.

"అందుకా నోటి మీద కొట్టింది?"

ఓబుళేసు తలూపాడు. తువ్వాలుతో చెయ్యి చుట్టుకుంటున్నాడు, తువ్వాలు అప్పుడే ఎర్రగా తడిసిపోయింది. అన్న కొడతాడని వీపు బిగించి నిలబడ్డాడు. సుంకప్ప కొట్టలేదు. గొడ్డలి లాక్కుని, వెనుదిరిగి, చేని వైపు నడిచాడు. ఓబుళేసు వెనకాలే నడిచాడు. ఆసుపత్రికి పొమ్మని బయ్యన్న వెనక నుంచి అంటున్న మాట వినిపించింది గానీ ఆగలేదు.

మిట్టకు అవతల ట్యాంకరు నిలబడి ఉంది. ఆ రోజు గిరి తొందరగా వచ్చాడు. గొట్టం బోరు పైపులోకి దూర్చి, నీడలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. సుంకప్ప గొట్టం మీద గొడ్డలి వేశాడు. తెల్లటి బురద ఎగజిమ్మి అతని ముఖం మీద, చొక్కా మీద పడింది. గిరి లేచేలోగా గొడ్డలి వెనక భాగంతో డొక్కలో కొట్టాడు. వాడు వంగి పడి, పాక్కుంటూ కంపల్లోకి దూరాడు, ముళ్లకు చొక్కా చిరిగి వేలాడింది. ట్యాంకరు అద్దం పగిలింది, తర్వాత లైట్లు. సుంకప్ప బోరు దగ్గర వంగి ఒక రాయి లోపలికి వేసి చెవి పెట్టాడు. చప్పుడు పైనే వినిపించింది. బోరు దాదాపు నోటి దాకా బురదతో నిండిపోయి ఉంది. అడుగున ఎక్కడో ఉన్న పగుళ్లలోంచి తన బోరు దాకా అదే దారి పట్టి ఉంటుందని అతనికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

అక్కడి నుంచి చీనీ తోటలోకి పోయాడు. తన వాటాలో మొదటి చెట్టు దగ్గర నిలబడి, మాడిన ఆకు ఒకటి తుంచి చూసి, మొదలు మీద గొడ్డలి వేశాడు. ఏళ్ల నాటి చెట్టు, నాలుగైదు వేట్లకు ఒరిగింది. రెండో చెట్టుకు పోయాడు. ఓబుళేసు పరుగెత్తి వెళ్లి, వద్దన్నా, ట్యాంకరు నీళ్లతోనైనా బతికిద్దామని కాళ్లకు అడ్డం పడ్డాడు. సుంకప్ప అతన్ని దాటి పోయాడు, రాయిని దాటినట్టు. తిట్టలేదు, పక్కకు నెట్టను కూడా లేదు. చెట్టు తర్వాత చెట్టు కొడుతూ పోయాడు. పచ్చికాయలు రాలి నేలంతా దొర్లాయి. గట్టు దగ్గరికి, రెండు వాటాల మధ్య రాయి దగ్గరికి వచ్చి ఆగాడు. రాయికి అవతల తమ్ముడి చెట్లు ఉన్నాయి. వాటిని చూశాడు.

"నీవి నేను కొట్టను" అన్నాడు. "ఎండేది నువ్వు చూడల్ల."

జీపు వచ్చేసరికి సుంకప్ప వాటాలో ఇంకా కొన్ని చెట్లు మిగిలి ఉన్నాయి. ఎస్సై దూరంగానే ఆగి, గొడ్డలి కింద పడెయ్యమని అరిచాడు. ఈ వరస అయిపోనీ సార్, ఎట్లాగూ వస్తానని సుంకప్ప బదులిచ్చాడు. చెమటకు ముఖం మీది తెల్లటి బురద చారలు కట్టింది. ఎస్సై కానిస్టేబుళ్ల వైపు చూశాడు. వాళ్లెవరూ కదల్లేదు. అందరూ నిలబడి, ఒక మనిషి తన తోటను తానే నరుక్కోవడం చూశారు. ఓబుళేసు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతి నుంచి కారింది మోకాలి మీద పడి ఎండిపోతోంది. ఆంజినమ్మ వచ్చి ఆ చెయ్యి తన కొంగుతో గట్టిగా కట్టింది.

చివరి చెట్టు పడింది. సుంకప్ప గొడ్డలిని కామ ముందుకు వచ్చేలా తిప్పి ఎస్సై చేతికిచ్చాడు. బయ్యన్నను ముందోసారి కొట్టింది ఎవరని ఎస్సై అడిగితే, తనే మొదలుపెట్టానని, నీళ్లలో ముంచింది తానేనని చెప్పాడు. నోటి మీద కొట్టిందెవరని అడిగితే జవాబివ్వలేదు. ఓబుళేసు గట్టు మీది నుంచి లేచి నిలబడ్డాడు.

"అది నేను సార్" అన్నాడు. "పైపుతో. రెండుసార్లు."

ఎందుకు కొట్టావని ఎస్సై అడిగాడు. ఓబుళేసు మొత్తం చెప్పాడు, గిరి టీ అంగట్లో పక్కన కూర్చున్న దగ్గర నుంచి, బోర్డు మీది రెండో వరస చదవకుండా వదిలేసిన దాకా. ఆ రెండో వరసలో ఏముందో ఇప్పుడు గట్టిగా చెప్పాడు, అన్నకు వినపడేలా. సుంకప్ప జీపు దగ్గర నిలబడి, తల తిప్పకుండా విన్నాడు. పోలీసులు ముందు ఓబుళేసును ఆసుపత్రికి, తర్వాత ఇద్దర్నీ స్టేషనుకు తీసుకుపోవాలని నిర్ణయించారు. ఒక్క జీపే ఉంది. వెనక బెంచీ మీద సుంకప్ప ఎక్కి కూర్చున్నాడు. కానిస్టేబులు ఓబుళేసును జబ్బ పట్టి అదే బెంచీ మీదికి ఎక్కించబోయాడు. సుంకప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాన్ని ముందర కూచోబెట్టండి సార్" అన్నాడు. "నా పక్కన వద్దు."